బరి దిగిన తరువాత

మన విద్యార్థి సంఘం కార్యదర్శి నా గదికి వచ్చి, "సార్, ఈసారి సావనీరుకు మీరు తప్పకుండా వ్యాసం వ్రాయాలి. కాని అణువుల గురించి మాత్రం వద్దు సార్" అన్నాడు. భౌతికశాస్త్రం చెప్పుకొని బ్రతికేవాణ్ణి అణువులు వద్దంటే ఇంకేం వ్రాయాలి? రెండు రోజులు ఆలోచించినా ఏమీ తోచలేదు. మూడవనాడు రైల్లో విషయం దానంతటదే దొరికింది.

సాయంత్రం కాలేజీ వదిలాక వికారాబాదు స్టేషనులో తాండూరు బండి ఎక్కేవాళ్ళలో మన విద్యార్థులు పదిమందైనా వుంటారు. ఆ రోజు అందరూ ఒకే ఫోను మీద వాలి వున్నారు. నేనూ తల దూర్చాను. ఇనుపవల చుట్టూ కట్టిన ఎనిమిది మూలల బరి. అందులో తాటిచెట్టంత మనిషి ఒకడు. కొట్లాట అయిపోయింది, ఓడిపోయాడు. చేతులకున్న గ్లవుజులు విప్పి, బరి నడిమధ్యన పెట్టి వెళ్ళిపోయాడు. చూస్తున్న జనమంతా లేచి నిలబడ్డారు.

"సార్, గింత పొడుగున్నడు, గింత బలమున్నది. ముప్ఫై రెండేండ్లకే ఎందుకిడిసిపెట్టిండు?" అని ఒక కుర్రవాడు నన్నడిగాడు. అడిగింది ఫిజిక్సు విద్యార్థి. జవాబు చెప్పకపోతే మర్యాద దక్కదు. అయినా ఆ పూట చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ కుర్రవాడికి బాకీ తీర్చడానికే.

ఆ పొడుగాటి మనిషి పేరు అలెగ్జాండర్ గుస్టాఫ్సన్. స్వీడన్ దేశస్థుడు. 1987లో ఆర్బోగా అనే చిన్న పట్టణంలో పుట్టాడు. చిన్నప్పుడు బాక్సింగు నేర్చి, తరువాత యీ మిశ్రమ యుద్ధక్రీడలోకి వచ్చాడు. మిశ్రమం అని ఎందుకన్నారంటే ఇందులో గుద్దవచ్చు, తన్నవచ్చు, మన కుస్తీలో లాగా ఎత్తి పడేయవచ్చు, క్రింద పడ్డాక జుజుత్సు పద్ధతిలో మెడో చేయో మెలిబెట్టి "చాలు" అనిపించవచ్చు. 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వరు నగరంలో మొదలైన యు.ఎఫ్.సి. పోటీలతో దీనికి పేరొచ్చింది. ఏ విద్య గొప్పదో తేల్చుకుందాం రండి అన్నట్టు మొదట్లో కరాటేవాణ్ణీ బాక్సరునూ జుజుత్సువాణ్ణీ ఒక్క బరిలో వదిలారు. అప్పట్లో నియమాలు బహు తక్కువ. బరువు తరగతులు, కాలపరిమితి, చేతులకు పలచటి గ్లవుజులు, ఇవన్నీ తరువాత ఒక్కొక్కటే వచ్చి చేరాయి.

గుస్టాఫ్సన్ 93 కిలోల తరగతిలో పోరాడేవాడు. 2013 సెప్టెంబరు 21న టొరంటోలో, అప్పటికి రెండేళ్ళకు పైగా ఛాంపియనుగా వున్న జాన్ జోన్స్‌తో తలపడ్డాడు. జోన్స్‌ను అంతకు ముందు ఆ పోటీల్లో ఎవరూ నేల మీద పడగొట్టలేదు. ఇతను మొదటి రౌండులోనే పడగొట్టాడు. అయిదేసి నిమిషాల అయిదు రౌండ్లు పూర్తయ్యాక న్యాయనిర్ణేతలు ముగ్గురూ జోన్స్ గెలిచాడన్నారు. గెలిచినవాడూ ఓడినవాడూ ఇద్దరూ ఆసుపత్రికే వెళ్ళారు. ఆ ఓటమితోనే గుస్టాఫ్సన్‌కు ప్రపంచంలో పేరు వచ్చింది. 2015లో డేనియల్ కార్మియర్ చేతిలో వెంట్రుకవాసిలో ఓడాడు. 2018 డిసెంబరులో మళ్ళీ జోన్స్ చేతిలోనే. బెల్టు కోసం మూడుసార్లు నిలబడ్డాడు, మూడుసార్లూ రాలేదు. 2019 జూన్ 1న సొంత దేశ రాజధాని స్టాక్‌హోంలో, సొంత జనం ముందు, ఆంథొనీ స్మిత్‌కు నాలుగో రౌండులో లొంగిపోయాడు. మా పిల్లలు చూసిన గ్లవుజుల దృశ్యం ఆ రాత్రిదే.

ఫోనులో వున్నది అంతవరకే. తరువాతి సంగతి వాళ్ళు చూడలేదు. సరిగ్గా ఏడాది దాటాక అతను తిరిగి వచ్చాడు. 2020 జూలైలో, ఈసారి పై బరువు తరగతిలో, వెర్దూమ్ అనే బ్రెజిల్ మల్లుడి చేతిలో మొదటి రౌండులోనే ఓడాడు. 2022 జూలైలో లండనులో ఇంకొకసారి దిగాడు, 67 సెకన్లలో ముగిసింది. ఆపైన పూర్తిగా విరమించాడు. మొత్తం 26 పోరాటాల్లో 18 గెలుపులు, 8 ఓటములు. కాబట్టి "ఎందుకు విడిచిపెట్టాడు" అన్న ప్రశ్న కన్నా "విడిచిపెట్టినవాడు మళ్ళీ ఎందుకు వచ్చాడు" అన్నదే గట్టి ప్రశ్న అని నాకు తోచింది.

స్వీడన్ మనకు దూరం. కాని యీ ప్రశ్నకు దగ్గరలోనే, మన భాషలోనే, ఒక పెద్ద ఉదాహరణ వుంది. కోడి రామమూర్తి నాయుడి పేరు విననివాళ్ళు మన పెద్దల్లో తక్కువ. ఎవరైనా బలం చూపిస్తే "పెద్ద కోడి రామమూర్తివి బయలుదేరావు" అనడం మా ఇళ్ళల్లో కూడా వుండేది. ఆ పేరు గల మనిషి ఎవరో, చివరికేమయ్యాడో అడిగితే మాత్రం జవాబు రాదు.

ఆయనది శ్రీకాకుళం వైపు వీరఘట్టం. ఆ వూరు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. పుట్టిన సంవత్సరం 1882 అని కొందరు, 1883 అని కొందరు వ్రాశారు. తల్లి చిన్నతనంలోనే పోయింది. చదువు మీద కన్నా సాము మీద ఇష్టం ఎక్కువ. విజయనగరంలో పోలీసు ఉద్యోగంలో వున్న పినతండ్రి దగ్గర పెరిగాడు. అక్కడే వ్యాయామశాలలో శరీరం గట్టిపడింది, మల్లయుద్ధం పట్టుబడింది. మద్రాసు వెళ్ళి ఒక సంవత్సరం వ్యాయామ శిక్షణ పొంది, తిరిగి వచ్చి విజయనగరం హైస్కూలులో డ్రిల్లు మాష్టరుగా చేరాడు. అంటే మన కాలేజీలో ఈల ఊదుకుంటూ తిరిగే ఫిజికల్ డైరెక్టరు గారి వంశమన్నమాట! తరువాత ఆ జీతం రాళ్ళు వదిలి, పొట్టి పంతులు గారనే స్నేహితుని సాయంతో సర్కసు కంపెనీ పెట్టాడు. గుడారం వేసుకొని దేశమంతా తిరిగాడు.

ఆ రోజులెటువంటివో కొంచెం గుర్తు చేసుకోవాలి. 1905లో బెంగాలు విభజన, వందేమాతరం ఉద్యమం. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర పట్టణాల్లో ఉపన్యాసాలిచ్చాడు. భారతీయులు పిరికివాళ్ళు, ఒంట్లో సత్తువ లేనివాళ్ళు అని దొరలు పుస్తకాల్లో వ్రాస్తున్న కాలమది. దానికి జవాబుగా వూరూరా వ్యాయామశాలలు లేచాయి. ఆ సంవత్సరాల్లోనే ఐరోపా బలశాలి యూజిన్ శాండో మన దేశంలో ప్రదర్శనలిచ్చి వెళ్ళాడు. మనం వేసుకునే శాండో బనియను ఆయన పేరు మీదిదే. ఆయన కండలు చూసి నోరు తెరిచిన జనానికి, మనవాడొకడు పంచె బిగించి రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకుంటే ఎలా వుండి వుంటుందో వూహించండి. బాలగంగాధర తిలక్ ఆయనకు మల్లమార్తాండ బిరుదు ఇచ్చాడని, లండనులో అయిదవ జార్జి చక్రవర్తి ఇండియన్ హెర్క్యులస్ అన్నాడని చెబుతారు. జనం మాత్రం కలియుగ భీముడు అన్నారు. ఆ బిరుదు ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు కదా.

ఆయన ప్రదర్శనల్లో ముఖ్యమైనవి మూడు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును శ్వాస బిగించి తెంపడం. రెండు చేతులకు కట్టిన తాళ్ళతో చెరోవైపు లాగే మోటారు కార్లను కదలనీయకపోవడం. రొమ్ము మీద పలక పెట్టుకొని ఏనుగును నడిపించుకోవడం. వీటిని విని "మంత్రం" అనేవాళ్ళున్నారు, "మోసం" అనేవాళ్ళున్నారు. అణువులు వద్దన్నారు గాని బలాల గురించి వద్దనలేదు కాబట్టి, సంగతేమిటో చూద్దాం.

కార్ల సంగతి ముందు. రెండు బళ్ళు రెండువైపులా లాగితే మనిషి మీద రెట్టింపు బలం పడుతుందని తరగతిలో పదిమందిలో తొమ్మిదిమంది చెబుతారు. పడదు. ఒక బండి నూరు కిలోల బరువుకు సమానంగా లాగుతుంటే, అవతలివైపు బండి కట్టినా చింతచెట్టుకు కట్టినా తాటిలో తన్యత నూరే. రెండు బళ్ళూ ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. మధ్యనున్న మనిషి తాటిలో ఒక ముక్క అవుతాడు. ఇక ఆ కాలపు కార్లా, 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి శక్తి ఇరవై గుర్రాలు. మట్టి నేల మీద చక్రం జారిపోతుంది, పట్టు వుండదు. ఇదంతా నిజమే. అయితే ఆ తాటిముక్క ఎముకలతో, కీళ్ళతో, నరాలతో చేసింది! మోచెయ్యి వంగితే భుజం గూడు జారిపోతుంది. లెక్క తెలిసినంత మాత్రాన మీరూ నేనూ నిలబడలేం.

ఏనుగు సంగతీ ఇంతే. పలక రొమ్ము మీద వంతెన లాగా వుంటుంది. ఏనుగు ముందుకాళ్ళు పలక మీద వున్నంతసేపు వెనుక కాళ్ళు నేల మీద వుంటాయి. కనుక పూర్తి బరువు ఒక్కసారిగా పడే క్షణాలు బహు కొద్ది. పడిన బరువు కూడా ఒక్కచోట గాక రొమ్మంతా పరుచుకుంటుంది. మనిషి గుండెల నిండా గాలి పట్టి గొంతు బిగిస్తే ఛాతీ గాలి కొట్టిన ట్యూబులాగా గట్టిపడుతుంది. దీన్నే ఆయన ప్రాణాయామం అన్నాడు, వాయుస్తంభన అన్నాడు. గొలుసు తెగడంలోనూ ఇదే రహస్యం. గొలుసుకంతటికీ బలం వుండనక్కరలేదు, దాని అతి బలహీనమైన కొక్కెం దగ్గరే తెగుతుంది. మీకు అర్థం కావడానికి ఇంకొక సంగతి. ఇలా ఊపిరి బిగబట్టి పెద్ద బరువులెత్తేవాళ్ళ రక్తపోటు ఆ క్షణంలో 300 దాటిపోయిన సందర్భాలను వైద్యులు కొలిచారు. మామూలు మనిషికి 120 వుంటే చాలు. అంటే జనం చప్పట్లు కొట్టే ఆ నాలుగు క్షణాల్లో లోపల నాళాలన్నీ ఎంత వొత్తిడి భరిస్తున్నాయో ఆలోచించండి. అటువంటి ఆటను రోజుకు రెండుసార్లు, వూరూరా, సంవత్సరాల తరబడి ఆడాడాయన.

ఇప్పుడు వచ్చే భాగం గురించే ఎవరూ వ్రాయరు. వ్రాసినా నాలుగు వాక్యాల్లో ముగిస్తారు. రామమూర్తి కాలికి పుండు లేచింది. మానలేదు. చివరకు కాలు తీసేయవలసి వచ్చింది. ఏనుగు బరువుకు చెక్కుచెదరని మనిషిని ఒక పుండు పడగొట్టింది. సంపాదించిన లక్షలు దానధర్మాలకూ కంపెనీ ఖర్చులకూ కరిగిపోయాయి. చివరి రోజులు ఒరిస్సాలోని బలంగీరులో గడిపాడు. బలంగీరు అప్పట్లో పాట్నా సంస్థానానికి రాజధాని. (ఇది బీహారు పాట్నా కాదు, చాలామంది పొరబడతారు.) 1942 జనవరిలో అక్కడే కన్నుమూశాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. విశాఖపట్నం సముద్రపు ఒడ్డున విగ్రహం నిలబెట్టారు. విగ్రహానికి రెండు కాళ్ళూ వున్నాయి.

కాలు తీసేటప్పుడు ఆయన మత్తుమందు వద్దన్నాడని, ప్రాణాయామం పట్టి నొప్పి తెలియకుండా కోయించుకున్నాడని ఒక కథ ప్రచారంలో వుంది. నిజమెంతో అబద్ధమెంతో నేను వాదించను. నాకు ఆ కథ మీద వున్న ఫిర్యాదు వేరు. మనం ఆయన కాలు పోవడాన్ని కూడా ఒక ప్రదర్శన చేసేశాం. గొలుసు, కార్లు, ఏనుగు, ఆ వరసలో నాలుగవది రంపం. ఆయనకు నొప్పి కలిగిందని, భయపడి వుంటాడని, రాత్రి నిద్ర పట్టక లేని కాలును తడుముకొని వుంటాడని ఒప్పుకోవడానికి మనకు మనసు రాలేదు. బలవంతుడు బరి దిగాక కూడా మన కోసం బలవంతుడుగానే వుండాలి. ఇది ఆయనకు మనం చేసిన గౌరవమా, అన్యాయమా? అన్యాయమనే నా అభిప్రాయం. ఏకీభవించనివారు వచ్చే సంచికలో వ్రాయవచ్చు.

గుస్టాఫ్సన్ తిరిగి రావడానికి కారణం ఇందులో కొంత వుందనుకుంటాను. డబ్బు ఒక కారణం కావచ్చు, పౌరుషం ఒకటి కావచ్చు. వీటన్నిటినీ మించి, ఇరవై ఏళ్ళపాటు ఒక శరీరమే తన పేరుగా బ్రతికినవాడికి, ఆ శరీరం వద్దనేసరికి తన పేరేమిటో తెలియదు. గామా పైల్వాను సంగతీ అంతే. 1910లో లండనులో పోలెండు మల్లుడు జిబిస్కోతో గంటల తరబడి పోరాడి తేల్చుకోలేక, 1928లో పాటియాలాలో అదే జిబిస్కోను నిమిషం లోపలే వెల్లకిలా పడవేసిన మహామల్లుడు. సంస్థానాల కాలంలో అటువంటివారికి పాలూ నెయ్యీ బాదములూ దర్బారు నుంచి వచ్చేవి. దర్బారులు పోయాయి. ఆయన 1960లో లాహోరులో జబ్బుతో, చేతిలో పైసా లేక పోయాడు. సరిహద్దు ఇవతలి నుంచి బిర్లా పంపిన సాయం ఆదుకున్నదని చెబుతారు. బాక్సర్ల విషయంలో ఇంకొక భయం కూడా వుంది. తలకు దెబ్బలు తిన్నవాళ్ళకు కొన్నేళ్ళకు మాట తడబడటం, నడక తూలడం, మరుపు రావడం 1928లోనే మార్ట్‌లాండ్ అనే అమెరికా వైద్యుడు గమనించి వ్రాశాడు. బరిలో తగిలిన దెబ్బ బరిలోనే ఆగిపోదు. అది బిల్లు ఆలస్యంగా పంపే దుకాణం వంటిది.

ఇంత దూరపు పెద్దల గురించి వ్రాసి దగ్గరవాణ్ణి వదిలేస్తే బాగుండదు. మన తాండూరు వైపు, కన్నడ సరిహద్దు వూళ్ళల్లో జాతర్లకు కుస్తీలు పెట్టడం మీ అందరికీ తెలుసు. మొదట పిల్లల కొబ్బరికాయ కుస్తీ, చివరన వెండి కడెం కుస్తీ. మధ్యలో డప్పులు, ఈలలు, ఎర్రమట్టి. మా చిన్నాయన ఆ కడెం కుస్తీలు పట్టినవాడు. తెల్లవారుజామున తాలీంలో దండీలు, బస్కీలు తీసి, వస్తాదుకు మొక్కి మట్టిలో దిగేవాడు. ఆయన భుజాల మీద కూర్చొని జాతర చూసిన జ్ఞాపకం నాకింకా వుంది. జాతర ఏడాదికొకసారి. కడుపు రోజుకు రెండుసార్లు. కనుక మిగిలిన రోజులు ఆయన పాలిషు బండల యూనిట్లలో హమాలీ పని చేశాడు. తాండూరు నాపరాయి మీద దేశంలో ఎన్నో ఇళ్ళల్లో జనం నడుస్తున్నారు గాని, ఆ బండను లారీలోకి ఎక్కించిన నడుము గురించి ఎవరికి తెలుసు? పైల్వాను కాబట్టి పక్కవాడి కన్నా ఒక బండ ఎక్కువ ఎత్తమనేవారు. ఈయనా పౌరుషానికి ఎత్తేవాడు. నలభై అయిదేళ్ళకు మోకాళ్ళు పోయాయి. కడెం చెల్లెలి పెళ్ళప్పుడు కుదువకు పోయి తిరిగి రాలేదు.

పోయిన ఆదివారం ఆయన దగ్గరకు వెళ్ళి, మా పిల్లవాడు నా ఫోనులోకి పంపిన ఆ స్వీడన్ మల్లుడి దృశ్యం చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకొని రెండుసార్లు చూశాడు.

"చేతులకున్నయి ఇప్పి నడిమిట్ల పెట్టిండు. మంచిగ చేసిండు. మట్టికి మొక్కి పోయినట్టే గదా" అన్నాడు.

"మళ్ళీ వచ్చాడు చిన్నాయనా. రెండుసార్లు వచ్చి రెండుసార్లూ ఓడిపోయాడు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత నవ్వాడు. "నేను గూడ మూడుసార్లు ఇడిసిపెట్టిన బిడ్డా. డప్పు ఇనబడితె కాలు ఆగదు" అని, గోడ పట్టుకొని లేచి, చాయ్ పెట్టమని లోపలికి కేక వేశాడు.